గణాలు కుదిరాయి, మరి పద్యం?

ప్రశ్న: నాకు 36 ఏళ్లు. గుంటూరు దగ్గర పల్లెలో పెరిగాను, ఇప్పుడు హైదరాబాదులో ఒక ప్రైవేటు కంపెనీలో అకౌంట్స్ చూస్తున్నాను. రెండేళ్లుగా పద్యం రాయడం నేర్చుకుంటున్నాను. ఆటవెలదితో మొదలుపెట్టి తేటగీతి, కందం, ఉత్పలమాల, చంపకమాల అన్నీ ప్రయత్నించాను. మొన్న సీసం కూడా రాశాను. లెక్కపెడితే నాలుగు వందల పద్యాలు దాటాయి. జ్వరం వచ్చినా మానలేదు. అయినా ముందుకు వెళ్తున్నట్టు లేదు. మా వాట్సాప్ గ్రూపులో పొద్దున సమస్య ఇస్తే, అంటే ఒక పాదం ఇచ్చి మిగతా పద్యం పూర్తి చేయమంటే, కొందరు కాఫీ తాగేలోపు పూరణ పెట్టేస్తారు. నాకు రెండు రోజులు పడుతుంది.

పోయిన నెల మా మామ్మ మీద ఒక ఆటవెలది రాశాను. నా చిన్నప్పుడు ఎండాకాలంలో మేడ మీద మిరపకాయలు ఆరబోసేవాళ్లు. మబ్బు పట్టగానే మామ్మ కొంగు నడుముకు చుట్టి, అన్నీ గోనెలకెత్తి, చినుకు రాలేలోపే ఇంట్లో చేర్చేది. పద్యంలో విషయం అదే. తెలిసిన ఒక పెద్దాయనకు చూపిస్తే, "గణాలున్నాయమ్మా, యతి ఉంది, పద్యమే లేదు" అన్నారు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఇది పూర్వజన్మ సుకృతం ఉన్నవాళ్లకే వస్తుందా? మానేయమంటారా? ఆ పద్యం ఇది:

మిరపకాయ లెన్నొ మేడపై నుండెను
మబ్బు వచ్చె నపుడు మరల మరల
కరుణ గల్గు మామ్మ గబగబా వచ్చెను
చిత్రముగను వాటి జేర్చె నింట

సమాధానం: అమ్మా, ముందు ఆ పెద్దాయన మాట సంగతి చూద్దాం. కటువుగా అన్నారు కానీ అబద్ధం చెప్పలేదు. పైగా అందులో సగం మెప్పే. బాధలో ఉండి మీరు ఆ సగం వినలేదు. రెండేళ్ల కిందట మీరు పద్యం చూపించి ఉంటే "రెండో పాదంలో గణం ఎక్కువైంది, ఇక్కడ యతి తప్పింది" అనేవారు. ఇప్పుడు అలా అనడానికి ఆయనకు చోటు దొరకలేదు. నేనూ వేళ్ల మీద లెక్కపెట్టి చూశాను. నాలుగు పాదాలూ నికార్సుగా ఉన్నాయి.

ఈ శీర్షిక చదివేవాళ్లలో పద్యం రాయనివాళ్లే ఎక్కువ. వాళ్ల కోసం రెండు ముక్కలు చెప్పి ముందుకు వెళ్తాను. ఆటవెలదిలో ఒకటో మూడో పాదాల్లో మూడు సూర్యగణాలు, ఆ తర్వాత రెండు ఇంద్రగణాలు ఉంటాయి. రెండో నాలుగో పాదాల్లో అయిదూ సూర్యగణాలే. గణం అంటే అక్షరాల చిన్న గుంపు. పొట్టిగా పలికే అక్షరం లఘువు, నిడివిగా పలికేది గురువు. సూర్యగణాలు రెండే రకాలు: "రామ" అన్నట్టు గురువు, లఘువు, లేదా "కమల" అన్నట్టు మూడు లఘువులు. ఇంద్రగణాలు ఆరు రకాలు, కాస్త పెద్దవి. ప్రతి పాదంలోనూ మొదటి అక్షరానికి నాలుగో గణం మొదటి అక్షరంతో స్నేహం కుదరాలి. అదే యతి. వేమన పద్యాలు చాలావరకు ఈ నడకవే కాబట్టి, పేరు తెలియకపోయినా తెలుగువాళ్ల చెవికి ఇది చిన్నప్పుడే పరిచయం.

ఇక మీ పద్యం. మబ్బు "మరల మరల" వచ్చిందన్నారు. ఉత్తరంలో మాత్రం ఒక్కసారే పట్టింది. రెండోసారి ఎందుకు వచ్చిందో మీకూ తెలుసు, నాకూ తెలుసు. పాదం మొదట "మ" ఉంది, నాలుగో గణం దగ్గర ఇంకో "మ" కావాలి. మూడో పాదంలో మామ్మ "కరుణ గల్గు" మామ్మ అయింది. ఆవిడ దయగల మనిషే అయి ఉంటుంది, కాదనను. కానీ మిరపకాయల మీద కరుణ ఏమిటమ్మా? "గబగబా"కు జోడీగా ఒక "క" కావాల్సి వచ్చింది, చేతికి కరుణ దొరికింది. నాలుగో పాదంలో "చిత్రముగను" కథ కూడా అంతే. ఆవిడ చేసిన పనిలో చిత్రమేమీ లేదు. మీ ఊళ్లో ఆ పూట ప్రతి మేడ మీదా ఎవరో ఒకరు అదే పని చేస్తూ ఉండి ఉంటారు.

ఇప్పుడు మీ ఉత్తరంలో వాక్యం మళ్లీ చదవండి: "మబ్బు పట్టగానే మామ్మ కొంగు నడుముకు చుట్టి, అన్నీ గోనెలకెత్తి, చినుకు రాలేలోపే ఇంట్లో చేర్చేది." ఇందులో ఒక్క మాట వృథాగా లేదు. మనిషి కనిపిస్తోంది, తొందర కనిపిస్తోంది. పద్యంలో మామ్మ ఊరికే "వచ్చెను". ఉత్తరంలో కొంగు నడుముకు చుట్టింది. రాయడం రానిది మీకు కాదు. పద్యం అనగానే వేరే మనిషిలా మాట్లాడాలని మీరు అనుకుంటున్నారు, అంతే.

నేను చేసిన పని చెబుతాను. మీ వాక్యాన్ని పైకి చదువుతూ గదిలో అటూ ఇటూ తిరిగాను. "మబ్బు పట్టగానే" దగ్గర కాలు ఆగింది. మబ్బు, పట్ట, గానె. మూడూ సూర్యగణాలే! చివరి దీర్ఘాన్ని కొంచెం కుదించాను, అంతే. (ఆ కుదింపు చూసి గట్టి వ్యాకరణవేత్తలు ముఖం చిట్లించవచ్చు. వాళ్లకు నేను జవాబు చెప్పుకుంటాను.) తర్వాత యతికి "మ" కావాలి. వెతకాల్సిన పనే లేదు, మీ వాక్యంలో తర్వాతి మాట "మామ్మ". బయటి నుంచి తెచ్చింది "లేచి" ఒక్కటే. "కొంగు నడుము చుట్టి" అనేది కూడా మూడు సూర్యగణాలు. ఆ "కొ"కు జోడీ మీ "గోనెలు"లోనే ఉంది. నాలుగో పాదంలో "చేర్చె నింట" అన్న తుది మాట మీ పాత పద్యంలోదే, దాన్ని ముట్టుకోలేదు.

మొదటి పాదం మాత్రం ఏడిపించింది. రాత్రి "మిరపకాయ లారె మేడపై నెండలో" అని రాసి సంతోషంగా పడుకున్నాను. తెల్లవారి నడకలో పైకి చదువుకుంటుంటే తట్టింది: "ఆరె" అంటే ఆరడం అయిపోయినట్టు కదా. ఇంకా ఆరుతుండగానే మబ్బు పట్టింది! ఇంటికి వచ్చి "లుండె" అని మార్చాను. "ఆరె" కంటే "ఉండె" చప్పటి మాటే, కానీ నిజమైన మాట. ఇదీ ఇప్పటికి తేలిన రూపం:

మిరపకాయ లుండె మేడపై నెండలో
మబ్బు పట్టగానె మామ్మ లేచి
కొంగు నడుము చుట్టి గోనెల కెత్తుచు
చినుకు రాలులోపె చేర్చె నింట

ఇది గొప్ప పద్యమని నేననను. "ఎత్తుచు" నాకింకా పూర్తిగా నచ్చలేదు, మీకు ఇంతకంటే మంచిది తట్టవచ్చు. కానీ ఇందులో ఉన్నది మీ మామ్మ. ఇంకెవరి మామ్మా కాదు.

మీకు నేను చెప్పదలచుకున్నది ఒకటే. మీకు పట్టుదల బోలెడు ఉంది, ఓపిక తక్కువ. ఈ రెంటినీ జనం ఒకే మాటలా వాడతారు కానీ రెండూ వేరు. జ్వరంలో కూడా రాయడం పట్టుదల. రాసినదాన్ని పక్కన పెట్టి మర్నాడు మళ్లీ దాని దగ్గరికే రావడం ఓపిక. నాలుగు వందల పద్యాల్లో మీరు రెండో వారం కూడా కూర్చున్న పద్యం ఎన్ని? ఉత్తరంలో ఆ లెక్క లేదు. బహుశా ఒక్కటీ లేదేమో. తప్పు పట్టడం లేదు. మొదటి ఏడాది అలాగే రాయాలి, కుప్పలు కుప్పలుగా రాయాలి. గణాలు చేతికి ఎక్కేది అలాగే. మీకు ఎక్కాయి. ఇప్పుడింక అదే మందు పని చేయదు.

ఇది నేను పుస్తకంలో చదివి చెప్పడం లేదు. నా ఇరవై రెండో ఏట ఒక గురువుగారి దగ్గర కందం నేర్చుకున్నాను. కందం సంగతి మీకు తెలుసు. నాలుగు పాదాల్లోనూ ప్రాస నిలవాలి, బేసి గణాల్లో జగణం (లఘువు, గురువు, లఘువు) పడకూడదు, రెండో నాలుగో పాదాల్లో మధ్య గణం నలమో (నాలుగు లఘువులు) జగణమో కావాలి, ఆ రెండు పాదాలూ గురువుతో ముగియాలి. "కందం చెప్పినవాడే కవి, పందిని పొడిచినవాడే బంటు" అని ఊరికే అనలేదు. వారానికి అయిదారు కొత్త కందాలు పట్టుకుని వెళ్లేవాణ్ని. ఆయన కాగితం తీసుకునేవారు కాదు. "పోయిన వారం పద్యం ఏమైంది?" అనేవారు. ఏమవుతుంది, అయిపోయింది కదా అనుకునేవాణ్ని. ఒకే ఒక్క కందం మీద, మా బావి గిలక మీద రాసినది, నన్ను పదకొండు వారాలు కూర్చోబెట్టారు. ఏడో వారంలో ఆయన మీద పట్టరాని కోపం వచ్చింది. తొమ్మిదో వారంలో గిలక చప్పుడుకు సరైన మాట దొరికింది. అది నేను ఎక్కడా వెతకని మాట, మా అమ్మ రోజూ అనే మాట.

అయినా బుద్ధి రాలేదు. ఆ ఏడాదే ఒక ఊరి సభలో సమస్య ఇస్తే ఆవేశంగా అప్పటికప్పుడు కందంలో పూరించి చదివాను. ముందు వరసలో ఒక ముసలాయన కళ్లు మూసుకుని వేళ్ల మీద గణాలు కడుతున్నారు. మూడో గణం దగ్గర ఆయన బొటనవేలు ఆగిపోయింది. అక్కడ జగణం పడింది! ఆయన ఏమీ అనలేదు, కళ్లు కూడా తెరవలేదు. ఆగిన ఆ వేలు మాత్రం నాకు ఇప్పటికీ కనిపిస్తూ ఉంటుంది.

కాఫీ తాగేలోపు పూరించేవాళ్ల గురించి అడిగారు. వాళ్లను చూసి టెన్షన్ పడకండి. మీరు చూసేది వాళ్ల వేగాన్ని, దాని వెనక ఉన్న సరుకు మీకు కనిపించదు. అష్టావధానం ఎప్పుడైనా మొదటి నుంచి చివరిదాకా కూర్చుని చూశారా? సమస్య, దత్తపది (ఇచ్చిన మాటలతో పద్యం), వర్ణన, నిషిద్ధాక్షరి (వద్దన్న అక్షరాలు రాకుండా పద్యం) అంటూ పృచ్ఛకులు, అంటే ప్రశ్నలు వేసేవాళ్లు, తలా ఒకటి ఇస్తారు. అవధాని ఒక్కొక్కరికి ఒక్కో పాదం చొప్పున చెప్పుకుంటూ పోతాడు. మధ్యలో అప్రస్తుత ప్రసంగం చేసే ఆయన అడ్డదిడ్డంగా ప్రశ్నలు వేసి ధ్యాస చెడగొడుతుంటాడు. చివర్లో అవధాని పద్యాలన్నీ వరసగా అప్పజెబుతాడు. దాన్ని ధారణ అంటారు. జనం పూరణలకు చప్పట్లు కొడతారు కానీ, నన్నడిగితే అసలు సంగతి ధారణలో ఉంది. నోటికి వచ్చిన పాత పద్యాలు ఎన్ని ఉంటే చెవిలో అన్ని నడకలు ఉంటాయి. ఏ అక్షరానికి ఏ మాట జోడీగా వస్తుందో ముందే తెలిసి ఉంటుంది. మీరు రెండు రోజులు వెతికేది వాళ్లు ఎప్పుడో వెతికి దాచుకున్నారు. మీకు నోటికి ఎన్ని పద్యాలు వచ్చు? స్కూల్లో చదివినవి పది, పదిహేను? ఇబ్బంది అక్కడుంది.

పూర్వజన్మ సుకృతం మాటకొస్తే, నాకు దాని మీద నమ్మకమూ లేదు, వాదించే ఓపికా లేదు. ఒక మనిషిని గుర్తు చేస్తాను. చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ కలకత్తాలో పుట్టిన ఇంగ్లీషువాడు. 1817లో, పద్దెనిమిదేళ్ల వయసులో, ఈస్టిండియా కంపెనీ ఉద్యోగిగా మద్రాసు చేరాకే తెలుగు నేర్చుకోవడం మొదలుపెట్టాడు. ఉగ్గుపాలతో వచ్చిన భాష కాదు, అమ్మ పాడిన జోలపాట కాదు. అలాంటి మనిషి పదేళ్లకు, 1827లో, తెలుగు సంస్కృత ఛందస్సుల మీద పుస్తకం అచ్చువేశాడు. ఆయన తెలుగు–ఇంగ్లీషు నిఘంటువు 1852లో వచ్చింది. మధ్యలో కచేరీ ఉద్యోగం, బదిలీలు, అప్పులు అన్నీ ఉన్నాయి. తాళపత్రాలు తెప్పించి, పండితులను కూర్చోబెట్టుకుని, ఒకే పద్యానికి ఉన్న పాఠాలన్నీ పక్కపక్కన పెట్టి చూసుకునేవాడు. ఆయన పద్యాలు రాసి కవి కాలేదు, నిజమే. కానీ మన చెవికి పుట్టుకతో వచ్చే నడకను ఆయన పెద్దయ్యాక సంపాదించుకున్నాడు. మీకు ఆ కష్టం కూడా లేదు. "మబ్బు పట్టగానే" అని మామూలుగా ఉత్తరం రాస్తేనే మూడు సూర్యగణాలు పడ్డాయి!

ఇక ఏం చేయాలో చెబుతాను. ఆరు నెలలు ఆటవెలది తప్ప ఇంకేదీ ముట్టుకోకండి. ఉత్పలమాల ఎక్కడికీ పోదు, ఇరవై అక్షరాలతో అక్కడే ఉంటుంది. రోజూ వేమన పద్యం ఒకటి పైకి చదివి నోటికి పట్టించండి. మనసులో చదివితే లాభం లేదు, ఇంట్లోవాళ్లు విసుక్కునేంత గట్టిగా చదవాలి. నూరు పద్యాలు దాటాక ఒక విచిత్రం జరుగుతుంది. బస్సులో పక్కవాళ్లు మాట్లాడుకునే మాటల్లో కూడా గణాలు వినిపించడం మొదలవుతుంది. కొన్నాళ్లు అది కాస్త చికాకుగానే ఉంటుంది, కానీ మంచి జబ్బు.

ఈ ఆరు నెలల్లో పద్యాలు పది రాస్తే చాలు. పదే. ప్రతి పద్యానికీ ముందు చెప్పదలచుకున్నది నాకు ఉత్తరం రాసినట్టు వచనంలో రాసుకోండి. అందులో మీకు బాగా ఇష్టమైన మాట ఏదో చూసి, దాన్ని నాలుగో గణం దగ్గర నిలబెట్టండి. దానికి జోడీ అయ్యే మాటతో పాదం ఎత్తుకోండి. ఇప్పుడు మీరు పాదం ఎలాగో ఎత్తుకుని, యతి దగ్గరికి వచ్చాక ఇరుక్కుపోయి, "మరల మరల" అనో "చిత్రముగను" అనో అప్పు చేస్తున్నారు. అప్పు చేసి రాసిన మాట వెంటనే తెలిసిపోతుంది. మీరు రోజంతా ఖాతాలు చూసే మనిషి, మీకు వేరే చెప్పాలా!

పాదం టైపు చేస్తే గణాలు విడదీసి, తప్పు ఎక్కడో చూపించే సాఫ్ట్‌వేర్లు ఇప్పుడు వచ్చాయి. మంచివే, నేనూ వాడతాను. కానీ వాటిని చివర్లో వాడండి. మొదటి నుంచీ తెర మీద చూసుకుంటూ రాస్తే కన్ను రాస్తుంది, చెవి నిద్రపోతుంది. మీ పద్యం చూస్తే అలాగే రాసి ఉంటారని అనుమానం. పైకి చదివి ఉంటే "కరుణ గల్గు" దగ్గర మీకే నవ్వు వచ్చేది.

ఒక నోటుబుక్కు పెట్టుకోండి. ఎడమ పేజీలో మొదట రాసిన రూపం కొట్టివేయకుండా అలాగే ఉంచండి. కుడి పేజీలో మార్చినవి తేదీతో సహా రాయండి. "ముందుకు వెళ్తున్నట్టు లేదు" అన్నారు కదా, వెళ్తున్నామో లేదో కొత్త పద్యాల్లో తెలియదు. ఎడమ పేజీకీ కుడి పేజీకీ మధ్య తెలుస్తుంది. కొన్ని వారాలు ఏమీ కదలదు. అప్పుడు ఆ పేజీ మూసి, ఇంట్లో పనేదో చూసుకోండి. మాట దొరికేది తరచుగా గిన్నెలు కడిగేటప్పుడే.

ఆ పెద్దాయన దగ్గరికి మళ్లీ వెళ్లండి. కొత్త పద్యంతో కాదు, ఇదే పద్యం మార్చిన రూపంతో. ఆయన ముఖం చూడండి. గ్రూపులో ఉండాలంటే ఉండండి, చదివి ఆనందించండి. ఆరు నెలలు పూరణలు మాత్రం పెట్టకండి.

మరో మాట. గోనెలకెత్తాక ఏం జరిగింది? మిరపకాయలు అంత తొందరగా చేతులతో ఎత్తితే మంట పుడుతుంది కదా. మామ్మ చేతులు ఏం చేసుకునేది? నూనె రాసుకునేదా, మజ్జిగలో పెట్టేదా, ఏమీ కానట్టు వంటింట్లోకి వెళ్లిపోయేదా? అదే చేత్తో మీకు అన్నం కలిపి పెట్టిందా? మీ ఉత్తరంలో అది లేదు. రెండో పద్యం అదే. ముందు వచనంలో రాసి పంపండి.